ఆదివారం తలకు రంగు వేసుకోవాలంటే గురువారమే మొదలుపెట్టండి

మా పిన్ని పన్నెండేళ్లు ఒకే హెయిర్ డై వాడింది. నెలకోసారి, అదే పెట్టె, అదే షేడు. మూడేళ్ల కిందట మేనకోడలి పెళ్లికి రెండు రోజుల ముందు ఎప్పటిలాగే వేసుకుంది. ఆ రాత్రి చెవుల వెనకాల కాస్త దురద పెడితే చెమట అనుకుంది. తెల్లారేసరికి నుదురు బిగుసుకుపోయింది. మర్నాటికి కళ్లు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. పెళ్లి ఆల్బమ్ మొత్తం తిరగేసినా పిన్ని ఎక్కడా కనిపించదు.

నకిలీ సరుకు అంటగట్టాడని బాబాయి షాపువాడి మీదికి గొడవకు వెళ్లాడు. డై మాత్రం నిఖార్సైనదే. పిన్ని అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న: "ఇన్నేళ్లూ పడింది కదా, ఇప్పుడేమొచ్చింది?"

దానికి జవాబు పీపీడీ అనే పదార్థంలో ఉంది. పూర్తి పేరు పారా-ఫినైలీన్‌డైఅమైన్. జుట్టుకు నలుపు, ముదురు గోధుమ రంగు తెచ్చే పర్మనెంట్ డైలలో ఎక్కువ వాటికి ఆధారం ఇదే. దీని అణువు చాలా చిన్నది. డెవలపర్ (రంగులో కలపమని పెట్టెలో ఇచ్చే రెండో సీసా) లోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినప్పుడు వెంట్రుక లోపలికి దూరి, అక్కడ ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్ద రంగు అణువులుగా మారుతుంది. అంత పెద్దవి మళ్లీ బయటికి రాలేవు కాబట్టే ఎన్నిసార్లు తలంటుకున్నా రంగు పోదు. చిక్కల్లా ఏమిటంటే, వెంట్రుకలోకి దూరగలిగిన అణువు చర్మంలోకీ దూరుతుంది. అక్కడ మన ప్రొటీన్లకు అతుక్కుంటే, ఎవరో పరాయివాడు వచ్చాడని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు మొదటిసారే పడొచ్చు, వందోసారి పడొచ్చు. ఒకసారి పడ్డాక మాత్రం సాధారణంగా చెరగదు. అందుకే "నాకు అలవాటైన డైయే కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ వైద్యుల సంఘం 2006లో పీపీడీని ఆ ఏటి అలర్జీ పదార్థంగా ప్రకటించింది.

ఈ అలర్జీ వెంటనే బయటపడదు. రంగు తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లోపు తేలుతుంది. పార్లర్‌లో చేతి మీద చుక్క పెట్టి, పావుగంట చూసి "ఏం కాలేదు కదండీ" అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. నేను చెప్పే పరీక్ష, అంటే చర్మం మీద చుక్క పెట్టి చూడటం, గురువారం మొదలయ్యేది ఇందుకే. ఆదివారానికి మూడు రోజులు నిండుతాయి.

ముందుగా: మీరు ఇంట్లో పరీక్షించుకోవచ్చా?

కొందరు ఈ పరీక్ష ఇంట్లో చేసుకోనేకూడదు. ఇంతకుముందు డై వేసుకున్నాక తలలో, చెవుల మీద, మెడ మీద దురదతో పొక్కులు వచ్చినవాళ్లు ఆ కోవలోకే వస్తారు. "కొంచెమే, రెండు రోజుల్లో తగ్గిపోయింది" అన్నా సరే. వచ్చేసారి ఆ కొంచెమే చాలా కావచ్చు. వీళ్లు నేరుగా చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

రెండో రకం వాళ్లు నల్ల మెహందీ పడనివాళ్లు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు గోరింటాకును, దీన్ని ఒకే గాటన కట్టేస్తారు. ఆషాఢంలో రుబ్బి పెట్టుకునే గోరింటాకు పండటానికి గంటలు పడుతుంది. రంగు నారింజతో మొదలై ఎర్రగా, ముదురు ఎరుపుగా తిరుగుతుంది. బొగ్గులా నల్లగా ఎప్పుడూ పండదు. ఎగ్జిబిషన్‌లోనో బీచ్ దగ్గరో "అరగంటలో నల్లగా పండుతుంది" అని పెట్టే కోన్‌లో ఉండేది చాలాసార్లు పీపీడీయే. వెంట్రుకల కోసం ఉద్దేశించిన రసాయనాన్ని ఎంత కలిపారో తెలియకుండా నేరుగా చర్మం మీద గంటలకొద్దీ ఉంచినట్టన్నమాట. చిన్నప్పుడు అలాంటి టాటూ పెట్టించుకున్న పిల్లలు పెద్దయ్యాక మొదటిసారి డై వేసుకుని ఆస్పత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. యూరప్‌లో ఉంటున్న తెలుగువాళ్లు అక్కడి డై పెట్టెను తిప్పి చూడండి. నల్ల హెన్నా టాటూ అలర్జీ ముప్పును పెంచవచ్చనీ, 16 ఏళ్లలోపు వాళ్లకు ఈ డై ఉద్దేశించలేదనీ రాసి ఉంటుంది.

నొప్పి తెలియకుండా పూసే బెంజోకెయిన్ క్రీములు పడనివాళ్లు, సల్ఫా మందులు పడనివాళ్లు, ముదురు రంగు సింథటిక్ బట్టలు వేసుకుంటే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు కూడా ముందు డాక్టర్‌తో మాట్లాడటం మేలు. ఈ పదార్థాలకు పీపీడీతో రసాయన చుట్టరికం ఉంది. అందరికీ అవుతుందని కాదు, అయ్యే అవకాశం ఉందని.

తలలో పుండ్లు, గోకి గోకి రక్తం చిమ్మిన చుండ్రు, ఎగ్జిమా ఉంటే అవి మానేదాకా రంగు జోలికి వెళ్లకండి.

బుధవారం: పెట్టె మీద ఏముందో చదవండి

భూతద్దం అవసరమైతే తెచ్చుకోండి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూసినా సరిపోతుంది. పెట్టె ముందువైపు రాసింది పట్టించుకోకండి. ముందువైపు ప్రకటన, వెనకవైపు సమాచారం.

పదార్థాల జాబితాలో వెతకాల్సింది ఇంగ్లీషు 'పి' అక్షరం, పక్కన చిన్న అడ్డగీత, ఆ తర్వాత ఫినైలీన్‌డైఅమైన్ అనే పొడుగాటి పేరు. కొన్నిచోట్ల 1,4-డైఅమైనోబెంజీన్ అని గానీ, సీఐ 76060 అనే రంగు సంఖ్యతో గానీ కనిపిస్తుంది. అన్నీ ఒకటే. యూరప్‌లో జుట్టుకు పట్టించే మిశ్రమంలో ఇది 2 శాతం మించకూడదు.

"పీపీడీ లేదు" అని గొప్పగా రాసిన పెట్టెలో టోలుయిన్-2,5-డైఅమైన్ ఉందేమో చూడండి. ఇది పీపీడీకి స్వయానా చెల్లెలు. అక్క పడనివాళ్లలో చాలామందికి చెల్లెలూ పడదు. పి-అమైనోఫినాల్, రిసార్సినాల్ కూడా అలర్జీ తెచ్చేవే.

"నో అమ్మోనియా" సంగతి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అమ్మోనియా చేసే పని వెంట్రుక పైపొరను తెరవడం. ఘాటు వాసన దానిదే. దాని బదులు ఎథనాలమైన్ వాడితే వాసన తగ్గుతుంది, అంతే. చాలాసార్లు రంగునిచ్చేది ఇంకా పీపీడీయే. ముక్కుకు హాయిగా ఉన్నంత మాత్రాన చర్మానికి హాయిగా ఉండాలని లేదు. "హెర్బల్", "ఆయుర్వేద మూలికలతో" అన్న మాటలూ ఇలాంటివే. ఆకు బొమ్మ వేసి, ఉసిరి, శీకాకాయ, గుంటగలగర పేర్లన్నీ రాసి, జాబితా మధ్యలో పీపీడీని పెట్టినవి నేనే చూశాను. ఆకుపచ్చ పెట్టె కాబట్టి పరీక్ష అక్కర్లేదని మాత్రం అనుకోకండి.

కిరాణా కొట్లో దండలు దండలుగా వేలాడే చిన్న ప్యాకెట్లతో ఇంకో ఇబ్బంది. మన దేశంలో 30 గ్రాముల లోపు పొడి, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవం అయితే పదార్థాల జాబితా వేయకుండా ఉండే వెసులుబాటు ఉంది. అంటే ఎక్కువమంది వాడే ప్యాకెట్ మీదే తక్కువ సమాచారం. అయితే పీపీడీ లాంటి రంగులున్న డైల మీద హెచ్చరిక వేయడం తప్పనిసరి. చర్మానికి చిరాకు కలగవచ్చు, ముందు పరీక్షించుకోండి, కనుబొమ్మలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడకండి, చూపు పోవచ్చు అనే వాక్యాలు ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లోనూ ఉండాలి. జాబితా లేకపోయినా ఈ హెచ్చరిక కనిపిస్తే లోపల ఏముందో అర్థం చేసుకోండి. జాబితా, హెచ్చరిక రెండూ లేని నల్ల రంగు పొడి అయితే కొనకండి. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా చూసి, పెట్టెకు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటో తర్వాత ఎందుకు పనికొస్తుందో చెబుతాను.

గురువారం ఉదయం: చుక్క పెట్టుకోవడం

పెట్టెలో మడిచిన కాగితం ఉంటుంది కదా, దాన్ని పారేయకండి. కంపెనీ చెప్పిన పరీక్ష పద్ధతి అందులో ఉంటుంది. కలిపే పాళ్లు, ఆరనిచ్చే సమయం దాని ప్రకారమే పాటించండి. అది లేకపోతే మన చట్టంలో చెప్పిన పద్ధతి ఇది.

ముంజేతి లోపలివైపు గానీ, చెవి వెనక గానీ పది రూపాయల నాణెం కంటే చిన్న చోటు ఎంచుకోండి. నాకైతే ముంజేయి నయమనిపిస్తుంది. చెవి వెనక ఏమవుతోందో అద్దంలో కూడా సరిగా కనపడదు. సబ్బుతో కడిగి తుడిచి ఆరనివ్వండి. తలకు ఎలా కలుపుతారో అలాగే, డెవలపర్‌తో సహా కొంచెం కలపండి. పొడి డై అయితే నీళ్లతో. రంగు ఒక్కటే రాసి చూస్తే పరీక్ష సరిగ్గా జరిగినట్టు కాదు. దూదిపుల్లతో పల్చగా రాసి, ఆరనిచ్చి వదిలేయండి. కలపగా మిగిలిన ముద్ద ఆదివారానికి దాచకండి, అది అప్పటికే గాలి తగిలి మారిపోతుంది. పొడి ప్యాకెట్‌ను మాత్రం తడి తగలకుండా గట్టిగా మూసి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. కడుపులోకి వెళ్తే గొంతు వాచి ఊపిరాడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, విరుగుడు మందంటూ లేదు.

స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న రోజుల్లో గానీ, ఆ చోట స్టెరాయిడ్ క్రీము రాస్తున్నప్పుడు గానీ పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. అలర్జీ ఉన్నా అణగిపోయి కనిపించదు.

శుక్ర, శనివారాలు

24 గంటలయ్యాక సబ్బు నీళ్లతో మెల్లగా కడగండి. ఆ చోట నల్లటి మరక మిగలడం మామూలే, కంగారు పడకండి. చూడాల్సింది వేరే. దురద, ఎర్రదనం, చేత్తో తడిమితే ఉబ్బెత్తుగా తగలడం, చిన్న నీటి పొక్కులు, మంట. వీటిలో ఏది ఉన్నా డై తిరిగి షాపుకో చెత్తబుట్టకో పోవాలి.

మన నిబంధనల ప్రకారం వేసే సూచనల్లో 24 గంటలకు ఏమీ లేకపోతే పర్వాలేదన్నట్టు ఉంటుంది. నేను అక్కడితో ఆగమనను. పీపీడీ అలర్జీ రెండో రోజు, మూడో రోజు బయటపడటం చాలా మామూలు. ఆస్పత్రుల్లో డాక్టర్లు చేసే ప్యాచ్ టెస్ట్‌లో కూడా 48 గంటలకు ఒకసారి చూసి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. వాళ్లే ఒక్క చూపుతో తేల్చనప్పుడు మనకెందుకు అంత తొందర?

ఈ పరీక్ష ప్రతిసారీ చేసుకోవాలని కూడా ఆ సూచనల్లోనే ఉంది. ప్రతిసారీ అంటే బద్ధకమే, ఒప్పుకుంటాను. పిన్ని పన్నెండేళ్లలో ఒక్కసారీ చేయలేదు. కనీసం కంపెనీ మార్చినప్పుడు, షేడు మార్చినప్పుడు, చాలా నెలలు విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెట్టినప్పుడు, పెళ్లో ప్రయాణమో ముందున్నప్పుడు మానకండి. ముదురు షేడుల్లో పీపీడీ ఎక్కువ ఉంటుంది కాబట్టి గోధుమ రంగు నుంచి నలుపుకు మారినా కొత్త డై కిందే లెక్క.

ఆదివారం: వేసుకోవడం

చేయి నున్నగా ఉందా? సరే, కానివ్వండి. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక వ్యాజలైన్ పట్టించండి. గ్లవ్స్ కలిపేటప్పుడే వేసుకోండి, వేళ్ల చర్మం కూడా చర్మమే. ఇనుప గిన్నెలో కలపకండి. రంగు వెంట్రుకలకు పట్టాలి, మాడుకు కాదు. బ్రష్‌తో రుద్ది రుద్ది కుదుళ్లలోకి దింపేవాళ్లకే ఇబ్బందులెక్కువ. కాగితం మీద 30 నిమిషాలని ఉంటే 30 నిమిషాలే. బాగా పట్టాలని సీరియల్ అయిపోయేదాకా ఉంచుకోవద్దు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

మగవాళ్లకు ఒక మాట. మీసానికి, గడ్డానికి డై వేసుకునేటప్పుడు చర్మానికి తగలకుండా వేయడం అసాధ్యం. తలకు పడింది కాబట్టి మీసానికీ పడుతుందనుకోకండి. ఉబ్బితే పైపెదవి, ముక్కు కలిసి ఉబ్బుతాయి.

కనుబొమ్మల విషయంలో మాత్రం మినహాయింపు లేదు. 1930లలో అమెరికాలో లాష్ ల్యూర్ అనే కనురెప్పల రంగు అమ్మారు. పీపీడీ జాతి రంగుతో చేసినది. దాంతో ఆడవాళ్లు కళ్లు పోగొట్టుకున్నారు, ప్రాణం పోయిన ఘటన కూడా ఉంది. సౌందర్య సాధనాలను చట్టం కిందికి తెచ్చిన 1938 నాటి అమెరికా చట్టం వెనక ఉన్న కారణాల్లో అదొకటి. మన పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న "చూపు పోవచ్చు" అనే మాట ఊరికే భయపెట్టడానికి రాసింది కాదు.

పడకపోతే

తలలో దురద మొదలవగానే షవర్ కింద నిలబడి, గోరువెచ్చని నీళ్లతో మామూలు షాంపూ వేసి కడగండి. ఒకసారి సరిపోదు, రెండు మూడుసార్లు. అంతకుముందే కడిగేసి ఉన్నా మళ్లీ కడగండి. ఆపైన చల్లటి తడిగుడ్డ. పసుపు, నిమ్మరసం, కలబంద, పొరుగింటావిడ చెప్పిన నూనె, ఏవీ వద్దు. రేగిన చర్మం మీద కొత్తగా ఏది వేసినా అది రెండో గొడవ. మందుల షాపులో చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. ముఖానికి అవి సొంతంగా వాడకండి. దురద మాత్ర వేసుకుంటే దురద కాస్త తగ్గొచ్చు, అలర్జీ తగ్గదు. వాపు కళ్ల దాకా వస్తే, నీరు కారుతుంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. సాధారణంగా కొద్ది రోజుల స్టెరాయిడ్ మాత్రలతో వాపు లాగుతుంది, కానీ అది డాక్టర్ లెక్క ప్రకారం జరగాలి.

ఊపిరాడకపోవడం, గొంతు పూడుకుపోవడం, నాలుకో పెదవులో ఉన్నట్టుండి ఉబ్బడం, కళ్లు తిరిగి పడిపోవడం అరుదే, కానీ జరిగితే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పెట్టె వెంట తీసుకెళ్లండి. బుధవారం తీసిన ఫోటో ఇప్పుడు అక్కరకొస్తుంది. రోజుకొకటి ముఖం ఫోటో కూడా తీసుకోండి, అపాయింట్‌మెంట్ దొరికేలోపు వాపు దిగిపోతే చూపించడానికేమీ మిగలదు. హెచ్చరిక గానీ లైసెన్స్ నంబరు గానీ లేని సరుకైతే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అంతా మానాక ప్యాచ్ టెస్ట్ అడిగి చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి అట్టలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు. స్నానం చేయకూడదు, వీపు తడవకూడదు. ఎండాకాలంలో నరకమే కాబట్టి చలికాలంలో పెట్టుకోండి. పీపీడీయా, సువాసన పదార్థమా, షాంపూలోని ప్రిజర్వేటివా అన్నది తేలితేనే ఇకపై దేన్ని వదిలేయాలో తెలుస్తుంది.

మరి తెల్లజుట్టు?

పీపీడీ పడదని తేలినవాళ్లకు మిగిలే దారి అసలైన గోరింటాకు పొడి, దాని మీద నీలి ఆకు పొడి. మొదట గోరింటాకు పెట్టి కడిగి, ఆ తర్వాత నీలి పెడితే ఎరుపు మీద నీలం కలిసి నలుపుకు దగ్గరగా వస్తుంది. టైం పడుతుంది, బాత్రూం అంతా పాడవుతుంది, డై ఇచ్చినంత కారునలుపు రాదు. కొనేటప్పుడు జాబితాలో ఆకు పేరు ఒక్కటే ఉండాలి. "నల్ల హెన్నా" అని ఒకే పొడితో నల్లగా చేస్తానంటే దాన్ని గురువారం పరీక్షకు పంపాల్సిందే. నిజానికి ఆకు పొడులకూ ఒకసారి చుక్క పెట్టి చూసుకోవడమే మంచిది. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లు, ముఖ్యంగా పసిపిల్లలు, గోరింటాకుకు కూడా దూరంగా ఉండాలి. ఎర్ర రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది.

పిన్ని ఇప్పుడు రెండు నెలలకోసారి గోరింటాకు, నీలి పెట్టుకుంటోంది. పార్లర్‌కు ఫేషియల్‌కు వెళ్లినా, పంటి డాక్టర్ దగ్గర కూర్చున్నా ముందు పర్సు తెరుస్తుంది. వెంకటేశ్వరస్వామి ఫోటో వెనకాల ఒక చీటీ ఉంటుంది. దాని మీద డాక్టర్ చేతిరాతతో పీపీడీ అని, కింద బెంజోకెయిన్ అని, ఇంకో రెండు పేర్లు. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, అవతలివాళ్ల చేతిలో పెడితే చాలు అంటుంది.